తొంభై తొమ్మిది శాతం తెప్పించుకోవడం ఎలా?

ఏఐ మోడల్ చెయ్యడం ఈ రోజుల్లో ఇంటర్ పిల్లలకు కూడా వచ్చేసింది. దానికి మార్కులు తెప్పించడం వేరే విద్య. నేను బతికేది ఆ విద్య మీదే. ఎవరో మోడల్ చేస్తారు, ఇంకెవరో డబ్బు పెడతారు, ఇద్దరికీ మధ్య ‘ఫలితాలు’ అనే పేజీ రాసిపెట్టేది నేను. నా చేతిలో పడ్డ మోడల్ ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. ఇక చాలించుకునే వయసొచ్చింది కాబట్టి, గుట్టు నాతోపాటే పోకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మోడల్ చెప్పాల్సింది అవును, కాదు అనే రెండు జవాబులే అయితే మన ఆటలు పెద్దగా సాగవు. అలాగని అక్కడ మొనగాళ్లు లేరనుకోకండి. 1884లో అమెరికాలో జాన్ పార్క్ ఫిన్లీ అనే ఆయన టోర్నడోల రాకపోకల మీద 2,803 సార్లు జోస్యం చెప్పి, అందులో 96.6 శాతం నిజమైందని లెక్క చూపించాడు. అసలు నోరే విప్పకుండా రోజూ ‘ఈ పూట టోర్నడో రాదు’ అని రాసుకుంటూ పోయినా 98.2 శాతం వచ్చేది కదా అని అప్పటి విమర్శకులు ఎత్తిపొడిచారు. విమర్శకుల మాట అటుంచండి. ఫిన్లీ పట్టిక మాత్రం ఇవాళ్టికీ పాఠాల్లో ఉంది. కావలసింది అదేగా.

ఆ రెండు జవాబులకు (వాటినే క్లాసులంటాం) మూడోది చేరిందా, ఇక మనకు పండగే. క్లాసులు ఎక్కువైతే సగటు తీయాలి. సగటు ఏదో ఒక రకంగా తీయాలంటే ఏ రకం అని ఎంచుకోవాలి. ఎంపిక మన చేతికి వచ్చాక ఇక మార్కులకు లోటేముంది?

ఊరికే చెబితే ఎక్కదు. ఒక లెక్క కల్పించి చూపిస్తాను. గుంటూరు వైపు మిర్చి చేను. రైతు ఫోన్‌తో ఆకు ఫొటో తీస్తే జబ్బేమిటో చెప్పే యాప్. అయిదు క్లాసులు: బాగున్న ఆకు, పై ముడత, కింది ముడత, బూడిద తెగులు, జెమిని వైరస్. పరీక్షకు వెయ్యి ఫొటోలు పెట్టాం. మోడల్ ఇలా జవాబిచ్చింది.

బాగున్న ఆకులు 820. అందులో 800 బాగున్నాయంది. 10 పై ముడత, 5 కింది ముడత, 5 బూడిద అంది.

పై ముడత 80. 64 సరిగ్గా చెప్పింది. 12 బాగున్నాయంది, 4 కింది ముడత అంది.

కింది ముడత 50. సరిగ్గా చెప్పింది 5. 37 పై ముడత అంది, 8 బాగున్నాయంది.

బూడిద తెగులు 40. 36 సరిగ్గా, 4 బాగున్నాయంది.

జెమిని వైరస్ 10. ఒక్కటీ పట్టుకోలేదు. 8 పై ముడత అంది, 2 బాగున్నాయంది. అసలు ఆ వెయ్యి ఫొటోల్లో ‘వైరస్’ అన్న మాటే దాని నోట రాలేదు.

ఇంతే సరుకు. దీన్ని ఎలా వండాలో చూడండి.

మొదట యాక్యురసీ. వెయ్యిలో 905 సరైనవి కాబట్టి 90.5 శాతం. దీన్ని మొదటి వాక్యంలోనే, కుదిరితే పెద్దక్షరాల్లో వేసెయ్యండి. కళ్లు మూసుకుని ప్రతి ఆకునూ బాగుందని చెప్పే గోడగడియారానికైనా 82 శాతం వస్తుందన్న సంగతి ఎత్తకండి. అడిగినవాడికి చెప్పొచ్చు. అడగరు. చర్మం మీది మచ్చల ఫొటోలతో పనిచేసేవాళ్లకు ఈ సుఖం బాగా తెలుసు. 2018లో వచ్చిన హామ్10000 అనే సేకరణలో 10,015 ఫొటోలు, ఏడు క్లాసులు. అందులో 6,705 మామూలు పుట్టుమచ్చలే. ప్రాణం తీసే మెలనోమా 1,113. అన్నిరకాల్లోకీ చిన్న క్లాసు 115. ప్రతి ఫొటోకీ ‘పుట్టుమచ్చేనండీ, ఇంటికెళ్లండి’ అనే డాక్టరుకు 67 శాతం ఖాయం. ఆ ఏడాది ఈ ఫొటోల మీద పెట్టిన పోటీలో నిర్వాహకులు మాత్రం ఏడు క్లాసులకూ విడివిడిగా రీకాల్, అంటే ఉన్నవాటిలో పట్టుకున్నదెంత అని, చూసి సగటు కట్టారు. ఆ లెక్కలో మన డాక్టరుగారికి వచ్చేది ఏడింట ఒకటో వంతు, 14 శాతం. అలాంటి పోటీల జోలికి పోకండి.

ఇప్పుడు నా జీవితంలో నేను ఎక్కువగా వాడిన చిట్కా చెబుతున్నాను, కాస్త నెమ్మదిగా చదవండి. 90.5 చాలదు, 95 దాటాలి అని పైనుంచి ఫోనొచ్చిందనుకోండి. మోడల్‌ను ముట్టుకోనక్కర్లేదు. ప్రతి క్లాసునూ విడిగా తీసుకుని ‘ఇదా, ఇది కాదా’ అని యాక్యురసీ కట్టండి. వైరస్ సంగతి చూడండి: పది వైరస్ ఆకుల్లో పదీ తప్పాయి. అయితేనేం? మిగతా 990 ఆకులను అది వైరస్ అనలేదుగా, అవన్నీ సరైనవే. వైరస్‌ను గుర్తించడంలో 99 శాతం! ఒక్క వైరస్‌నూ చూడలేని మోడల్‌కు వైరస్ విషయంలో 99. కింది ముడతకు 94.6. యాభైలో నలభై అయిదు తప్పిన క్లాసు సుమా అది. అయిదింటికీ ఇలా కట్టి సగటు తీస్తే 96.2 శాతం వస్తుంది. మోడల్ అదే, ఫొటోలు అవే, ఒక్క జవాబు మారలేదు, దాదాపు ఆరు మార్కులు పెరిగాయి.

కారణం చాలా సులువు. ఒక ఆకును తప్పు చెబితే ఆ తప్పు రెండు క్లాసుల ఖాతాల్లోకి మాత్రమే ఎక్కుతుంది, అసలు క్లాసులోనూ, పొరపాటున చెప్పిన క్లాసులోనూ. మిగతా క్లాసులన్నీ ‘మాకేం సంబంధం లేదు, మేం సరిగ్గానే ఉన్నాం’ అని మార్కు వేయించుకుంటాయి. పెళ్లిలో తగువు పడింది ఇద్దరైతే, మిగతా మూడొందలమందికీ సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఇచ్చినట్టు. అందుకే క్లాసులు పెరిగేకొద్దీ ఈ సగటు దానంతటదే పైకి పోతుంది. 38 క్లాసులుండి, సగానికి సగం జవాబులు తప్పయినా ఈ పద్ధతిలో 97.4 శాతం వస్తుంది. కావాలంటే మీరే కట్టుకోండి: తప్పుల వంతును రెండుతో హెచ్చించి, క్లాసుల సంఖ్యతో భాగించి, నూటిలోంచి తీసెయ్యాలి. అచ్చయిన పేపర్లలో ఈ సగటు నాకు చాలాసార్లు ఎదురైంది. కళ్లతోనే నమస్కారం పెట్టుకుని పేజీ తిప్పాను, ఒక పనివాడు ఇంకో పనివాడికి పెట్టినట్టు.

ఇంకా కావాలంటే క్లాసులు కలిపెయ్యండి. పై ముడత, కింది ముడత, వైరస్ – మూడింట్లోనూ ఆకు ముడుచుకుంటుంది కదా, మూడింటినీ కలిపి ‘ముడత’ అని ఒకటే పేరు పెట్టండి. 90.5 కాస్తా 95.4 అవుతుంది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా అయిదు శాతం.

ఇక్కడ వ్యవసాయశాఖలో పనిచేసిన నా తోడల్లుడు ఒకాయన అడ్డం తగిలాడు. ‘‘బావా, తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది. అది పై ముడత. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా అవుతుంది, కాడ సాగుతుంది. అది కింది ముడత. నల్లి పురుగే కాదు. ఎనిమిది కాళ్లది, సాలీడు బంధువు. పురుగుకు కొట్టే మందులు చాలావాటికి అది చావదు సరికదా, కొన్ని కొడితే ఇంకా పెచ్చుమీరుతుంది. ఇక జెమిని వైరస్ అంటే మందే లేదు, మొక్క పీకి తగలెయ్యాలి, దాన్ని మోసే తెల్లదోమ సంగతి చూడాలి. మూడింటికీ మూడు దారులైతే నువ్వు ఒకటే పేరు పెట్టి రైతుకు ఏం చెబుతావు?’’ అన్నాడు. ‘ముడత’ అని చెబుతాను అన్నాను. ‘‘అది రైతుకు ముందే తెలుసు కదా బావా’’ అన్నాడు. ఇలాంటివాళ్లను మీటింగులకు పిలవకండి.

తర్వాత ఎఫ్1 స్కోరు. యాక్యురసీ ఒక్కటే చూపిస్తే పాతకాలంవాళ్లు అనుకుంటారు. ఎఫ్1 అంటే ప్రెసిషన్, రీకాల్ రెండింటినీ కలిపి తీసే ఒకరకం సగటు అని, పట్టుకున్నవాటిలో నిజమెంత, ఉన్నవాటిలో పట్టుకున్నదెంత అని విద్యార్థులకు చెబుతారు. మనకు కావలసింది అందులోని రకాలు. మైక్రో, వెయిటెడ్, మాక్రో అని మూడు వడ్డిస్తారు.

మైక్రో ఎఫ్1 మన పట్టికలో 90.5. ఎక్కడో విన్న అంకెలా ఉందా? అవును, అది యాక్యురసీయే. ప్రతి ఫొటోకీ ఒకటే సరైన జవాబు, మోడల్ చెప్పేదీ ఒకటే జవాబు అయినప్పుడు మైక్రో ప్రెసిషన్, మైక్రో రీకాల్, మైక్రో ఎఫ్1, యాక్యురసీ నాలుగూ కచ్చితంగా ఒకటే అంకె. నాలుగు వరుసల్లో నాలుగు పేర్లతో వెయ్యండి. ‘‘ఏ కొలమానంలో చూసినా మా మోడల్ 90.5 శాతం నిలకడగా ఉంది’’ అని కింద రాయండి. అబద్ధం ఒక్క ముక్క లేదు. వెయిటెడ్ 89.2. పెద్ద క్లాసుకు పెద్దపీట వేసే సగటు కాబట్టి పెద్దింటి అల్లుడిలా ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

పేచీ అంతా మాక్రోతోనే. అది 820 ఆకుల క్లాసునూ, పది ఆకుల క్లాసునూ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. పదో తరగతిలో తెలుగులో తొంభై అయిదు వచ్చినా లెక్కల్లో అయిదు వస్తే ఇంట్లో ఏ మాట పడ్డామో, అదే మాట ఈ మాక్రో కూడా అంటుంది. మన మోడల్‌కు 53.2. ఎవరైనా పట్టుబట్టి మాక్రోయే కావాలంటే కంగారుపడకండి, దానికీ మందుంది.

వైరస్ అని మోడల్ ఒక్కసారీ అనలేదు కాబట్టి వైరస్ ప్రెసిషన్ సున్నా బై సున్నా. అందరూ వాడే సైకిట్-లెర్న్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా కింద తీసుకుని ఎర్రగా ఒక హెచ్చరిక పెడుతుంది. ఆ హెచ్చరిక చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. భయమెందుకు? జీరో డివిజన్ అనే మీటను ఒకటికి తిప్పండి. నోరు విప్పనివాడు అబద్ధమాడలేదు కాబట్టి నూటికి నూరు! మాక్రో ప్రెసిషన్ 54.8 నుంచి 74.8కి లేచి కూర్చుంటుంది. ఒక్క మీటకు ఇరవై మార్కులు, హెచ్చరిక కూడా పోతుంది. అలా వద్దనుకుంటే, ‘తగినన్ని నమూనాలు లేనందున’ అని చిన్న అక్షరాల్లో రాసి వైరస్‌ను పట్టికలోంచే తీసెయ్యండి. మాక్రో ఎఫ్1 53 నుంచి 66.5 అవుతుంది. పది ఆకులే కదా, పోనివ్వండి.

ఇంకో తమాషా. మాక్రో ఎఫ్1 అనే పేరుతో రెండు సూత్రాలు తిరుగుతున్నాయి. ఒకటి: క్లాసుకో ఎఫ్1 కట్టి సగటు తియ్యడం. రెండోది: ముందు ప్రెసిషన్ల సగటు, రీకాళ్ల సగటు తీసి, ఆ రెండింటి నుంచి ఎఫ్1 కట్టడం. ఓపిట్జ్, బర్స్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ఈ రెండూ ఒకటి కావని, రెండోది మొదటిదానికన్నా ఎప్పుడూ తగ్గదని, తేడా సగం దాకా కూడా పోగలదని లెక్కకట్టి చూపించారు. మన పట్టికలో మొదటిది 53.2, రెండోది 55.2. పైన చెప్పిన మీట కూడా తిప్పితే రెండోది 63.7. వాళ్లు జాగ్రత్త పడమని రాశారు. నేను ఎంచుకోమని చదువుకున్నాను. ఏ సూత్రం వాడారో మాత్రం రాయకండి.

కప్పా కావాలంటారు కొందరు. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కొలమానం. గుడ్డిగా చెప్పినా తగిలేవాటిని తీసేసి మిగతాది చూస్తుంది. మన మోడల్‌కు 0.69 వస్తుంది. శాతాల్లో రాస్తే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి మాటల్లో రాయండి: లాండిస్, కాక్ 1977లో వేసిన మెట్ల ప్రకారం 0.61 నుంచి 0.80 దాకా ‘గణనీయం’. ఆ హద్దులు తాము ఇష్టం వచ్చినట్టు గీసుకున్నవేనని వాళ్లే ఒప్పుకున్నారు, కానీ ఆ వాక్యం దాకా ఎవరు చదువుతారు?

ఇక కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్. ఏ క్లాసును ఏ క్లాసుగా పొరబడిందో విప్పి చూపించే గళ్ల పట్టిక. పైన నేను అయిదు ముక్కల్లో చెప్పిన భాగోతమంతా అందులో ఒక్క చూపుకు దొరికిపోతుంది. ఉప్పు తిన్నవాడిగా చెబుతున్నాను, దీనంత ప్రమాదమైన వస్తువు ఇంకోటి లేదు. 1955లోనే మిల్లర్, నైస్లీ అనే ఇద్దరు గోలలో ఇంగ్లీషు హల్లులు వినిపించి, పదహారు హల్లుల్లో ఏది దేనిగా వినబడిందో ఇలాంటి గళ్లలో వేశారు. తప్పులు చెల్లాచెదురుగా పడవని, దగ్గరి ధ్వనుల మధ్య గుంపులు కడతాయని దాంతో తేలిపోయింది. మన ‘ద’, ‘ధ’, ‘థ’ల మధ్య చేతిరాత చదివే మోడళ్లు తడబడేదీ అలాగే, దగ్గరి ఆకారాల మధ్య. తప్పుకు ఒక ఆకారం ఉంటుందని జనానికి తెలిస్తే మన పని అయిపోయినట్టే. కాబట్టి ఆ పట్టిక వెయ్యక తప్పనప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

అడ్డవరుసలు అసలు జబ్బులా, మోడల్ చెప్పినవా అన్నది రాయకండి. సైకిట్-లెర్న్‌లో అడ్డవరుసలు అసలువి. కొన్ని పుస్తకాల్లో ఇది తలకిందులు. పేరు రాయకపోతే చదివేవాడు తనకు అలవాటైన వైపు నుంచి చదువుకుంటాడు, కింది ముడత వరుసలోని 37 ‘పై ముడతను కింది ముడత అంది’ అన్నట్టు కనబడుతుంది. రంగులు వేసేటప్పుడు వరుసవారీ శాతాలకు కాక నేరుగా అంకెలకు వెయ్యండి. 800 ఉన్న గడి ముదురు నీలం తిరుగుతుంది. దాని పక్కన 64 కూడా తెల్లగానే ఉంటుంది, 37 కూడా తెల్లగానే ఉంటుంది, సున్నా కూడా అంతే. స్క్రీన్ మీద చూసినవాళ్లకు మూలన ఒక నీలం చదరం, మిగతాదంతా పాలలా తెలుపు. ‘‘క్లీన్‌గా ఉందండీ’’ అంటారు. నేను విన్నాను.

ఇంతదాకా వచ్చాం కాబట్టి పరీక్ష పేపరు సంగతి కూడా. ఒకే మొక్కను మూడు కోణాల్లో తీసిన ఫొటోల్లో రెండు చదివించడానికి, ఒకటి పరీక్షకు పెడితే మోడల్‌కు పాత పరిచయం ఉంటుంది. పరిచయస్తులకు మార్కులు వెయ్యడం మన దేశంలో కొత్తేమీ కాదు. ఆ చర్మం ఫొటోలు కూడా పదివేల పైచిలుకే గానీ మచ్చలు మాత్రం 7,470. ఫొటోల లెక్కన పంచితే ఒకే మచ్చ రెండు వైపులా పడుతుంది. మచ్చల లెక్కన పంచమంటారు జాగ్రత్తపరులు. పంచితే మార్కులు తగ్గుతాయి, అది గమనించండి.

ఫొటోలు ఎక్కడివన్నది మరీ ముఖ్యం. ప్లాంట్‌విలేజ్ అనే సేకరణ ఉంది, 54,306 ఆకుల ఫొటోలు, 14 పంటలు, 38 క్లాసులు. మిరపకు దగ్గరి చుట్టం క్యాప్సికం అందులో ఉంది, రెండు క్లాసులే. ఆకు కోసి, ఒక పలక మీద పెట్టి, చక్కగా తీసినవి. 2016లో మోహంతి, హ్యూస్, సలాథే వాటి మీద మోడల్‌ను తయారుచేసి, అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫొటోలతో పరీక్షిస్తే 99.35 శాతం వచ్చింది. వేరేచోట్ల నుంచి తెచ్చిన ఫొటోలతో పరీక్షిస్తే 31 శాతం చిల్లర. వాళ్లు నిజాయితీపరులు, రెండు అంకెలూ ఒకే పేపర్లో అచ్చేశారు. ఆ తర్వాత ఎందరెందరో 99ని ఎత్తి రాసుకున్నారు, 31ని ఎత్తి రాసుకున్నవాళ్లు నాకు తక్కువగా తగిలారు. ఇంకొకరైతే ఆకు సంగతే వదిలేసి, ఆ ఫొటోల వెనక నేపథ్యంలోంచి ఎనిమిదంటే ఎనిమిది పిక్సెళ్లు మాత్రం తీసుకుని చూశారు. 38 క్లాసుల్లో 49 శాతం వచ్చింది. గుడ్డిగా చెబితే 2.6 రావాలి. అంటే జబ్బు పలక మీద కూడా ఉందన్నమాట. మీరు మాత్రం పలక వదలకండి, పొలానికి పోకండి. పొలంలో ఎండ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఆకు మీద ఇంకో ఆకు నీడ ఉంటుంది.

అన్నీ అయ్యాక కూడా అంకె నచ్చకపోతే టాప్-5 ఉండనే ఉంది. ఇమేజ్‌నెట్ పోటీలో వెయ్యి క్లాసులు కాబట్టి, ఒకే ఫొటోలో నాలుగైదు వస్తువులుండొచ్చు కాబట్టి, అయిదు ఊహల్లో ఒకటి తగిలితే చాలన్నారు. 2012లో అలెక్స్‌నెట్ అనే మోడల్ ఆ లెక్కలోనే తప్పులు 15.3 శాతానికి తెచ్చి పేరు తెచ్చుకుంది. మనకున్నవి అయిదు క్లాసులు. టాప్-5 తీయండి. నూటికి నూరు. ఇంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు.

టీవీలో కాలేజీల ప్రకటనలు చూశారుగా, ‘ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు’ అని ఊపిరాడకుండా ర్యాంకులు చదువుతారు. ఏ పరీక్ష, ఏ కేటగిరీ, ఎంతమంది రాస్తే ఎంతమంది తప్పారు అన్నది ఎవరికీ గుర్తుండదు. అదే గొంతు పట్టుకోండి. నా గురువులు వాళ్లే.

చివరగా ఒక చిన్న జాగ్రత్త, ఇది అనుభవం మీద చెబుతున్నది. రిపోర్టు అట్ట మీద మీ పేరు, కంపెనీ పేరు, 99 శాతం అన్నీ వేసుకోండి. ఫోన్ నంబరు వెయ్యకండి. నేనొకసారి వేశాను. కింది ముడత పడ్డ చేనుకు యాప్ చెప్పిందని తామర పురుగు మందు మూడుసార్లు కొట్టిన రైతు ఒకాయన పొద్దున్నే ఫోన్ చేసి, ‘‘సార్, యాభైలో ఎన్ని కరెక్టు చెబుద్ది మీది?’’ అని ఆ ఒక్క ప్రశ్నే అడిగాడు.

అయిదు.

పెట్టేశాను.